కుప్పంలో ముప్పై ఎనిమిది నిమిషాలు

మదనపల్లెలో సుహాసిని సిస్టర్‌ను ఎరగని ఆటోవాడు లేడు. వాళ్లలో సగం మందికి చిన్నప్పుడు ఆమే సూది వేసింది. ఒక మిషన్ ఆసుపత్రి పిల్లల వార్డులో ముప్పై నాలుగేళ్లు నర్సుగా పనిచేసి రెండేళ్ల కిందట రిటైరైంది. రిటైరైనవాళ్లు ఇంటిపట్టున ఉంటారని ఎవరో ఆమెకు చెప్పడం మరిచిపోయినట్టున్నారు. చర్చిలో పెళ్లంటే వంటవాళ్లతో మాట్లాడేది ఆమె, ఎవరికైనా బెంగళూరులో ఆపరేషనంటే తోడు పోయేది ఆమె. "ఊరి పనులన్నీ అయిపోయినాక మన ఇంటికి గూడా ఒకసారి రా" అని భర్త ప్రసాదరావు పేపరు చాటునుంచి అనేవాడు.

అట్లాంటి మనిషి దగ్గరికి జోనాథన్ వచ్చి, "ఆంటీ, మనూళ్ల మీద తీసిన డాక్యుమెంటరీలతో ఒక పండగ చేద్దామా?" అన్నాడు. డాక్యుమెంటరీ అంటే ఏమిటో ఆమెకు అంతగా తెలియదు. పండగ అంటే తెలుసు. సరే అంది.

జోనాథన్ ఆమె చేతుల మీద పెరిగినవాడే. సండే స్కూల్లో ఆమె దగ్గర బైబిలు వాక్యాలు అప్పజెప్పాడు. బెంగళూరులో సినిమా చదువు చదివి, కొన్నేళ్లు అక్కడ పెళ్లిళ్ల వీడియోలు తీసి, విసుగొచ్చి ఊరికి తిరిగొచ్చాడు. కరోనా కాలంలో ఆరాధన అందరికీ ఫోన్లలో కనబడాలని చర్చివాళ్లు వెనక వరసలో ఒక కెమెరా పెట్టించారు. అప్పటినుంచి ఆ కెమెరా అతని చేతిలోనే ఉంది.

ఆ కెమెరా సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఆ చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం సాక్ష్యాల వేళ ఉంటుంది. పాస్టరుగారు ప్రసంగం ముగించి కూర్చుంటారు. మనసైనవాళ్లు లేచి తమ బతుకులో జరిగింది చెప్పుకుంటారు. జబ్బు నయమైందనో, కొడుకు తాగుడు మానాడనో, ఫలానా పాపం చేశాను, దేవుడు క్షమించాడనో చెబుతారు. అక్కడ విన్నది గుమ్మం దాటకూడదు. ఈ నియమం ఎక్కడా రాసిపెట్టి లేదు. అయినా అత్తాకోడళ్లు జుట్లు పట్టుకున్న రోజున కూడా "సాక్ష్యంలో నువ్వే చెప్పినావు గదా" అని దెప్పినవాళ్లు లేరు. జోనాథన్ కూడా ఆ వేళ కాగానే లేచి, కెమెరా కంటికి నల్ల మూత పెట్టి, మైకు తీగ పీకేసి, చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ఎవరూ చెప్పకుండానే చేసేవాడు. సుహాసిని అతన్ని నమ్మింది ఆ మూత పెట్టే తీరు చూసే.

ఆగస్టు చివర మూడు రోజులు, మూడు ఊళ్లు, పదకొండు సినిమాలు. గురువారం మదనపల్లె, శుక్రవారం పుంగనూరు, శనివారం కుప్పం. టమోటా మండీలో కాయలు ఏరే ఆడవాళ్ల మీద ఒకటి, పుంగనూరు పొట్టి ఆవుల మీద ఒకటి, కుప్పం దగ్గర రాళ్లు కొట్టేవాళ్ల మీద ఒకటి. అన్నిటికంటే పెద్దది జోనాథన్ సొంతంగా తీసిన 'ఆయమ్మలు'. ఆసుపత్రి వార్డుల్లో గుడ్డలు ఉతికి, పిల్లల ఒళ్లు తుడిచి, పేరు లేకుండా వెళ్లిపోయిన ఆయాల మీద తీసిన సినిమా అది.

జోనాథన్ ఈ పండగకు డైరెక్టరు. ఆ మాట కార్డు మీద పెద్దక్షరాల్లో ఉంది. సుహాసిని పేరు వెనకవైపు 'సహకారం' అన్నచోట, షామియానావాళ్ల కింద ఉంది. సహకారం అంటే ఏమిటో చెబుతాను. మదనపల్లెలో హాలు ఇచ్చింది ఆమె కాపాడిన పిల్లోడి తండ్రి. పుంగనూరు బళ్లో పెద్ద గది ఇప్పించింది ఆమెతో చదువుకున్న హెడ్మిస్ట్రెసు. కుప్పంలో కల్యాణ మండపం మేడ మీద భోజనాల హాలు కోసం ఆమె నాలుగుసార్లు బస్సెక్కింది. కిటికీల్లో వెలుగు రాకుండా పట్టుపురుగుల షెడ్లనుంచి నల్ల పరదాలు తెప్పించింది. ప్రొజెక్టరు ఎత్తుగా పెట్టడానికి మండీనుంచి ఖాళీ టమోటా క్రేట్లు మోయించింది. ఆరువందల కార్డులు తన చేత్తోనే పంచింది.

ఆ కార్డు మీద మూడూళ్ల కార్యక్రమం వరసగా అచ్చయి ఉంది. 'ఆయమ్మలు' ఎదురుగా మదనపల్లెలో ముప్పై ఒక్క నిమిషాలు, పుంగనూరులో ముప్పై ఒక్క నిమిషాలు, కుప్పంలో ముప్పై ఎనిమిది నిమిషాలు అని ఉండటం ఆమె చూసింది. అచ్చుతప్పనుకుంది. తన పేరునే తప్పుగా వేసినవాళ్లు అంకెలు సరిగ్గా వేస్తారా అని నవ్వుకుంది కూడా.

'ఆయమ్మలు' కోసం వెంకటమ్మను కెమెరా ముందు కూర్చోబెట్టింది సుహాసినే. వెంకటమ్మది కుప్పం పక్క గుడుపల్లె దగ్గర ఒక పల్లె. కూలికి పోయే ఇంట్లో పుట్టి, ముప్పై అయిదేళ్లు పిల్లల వార్డులో ఆయాగా చేసి, కొడుకు రామమూర్తిని టీచరును చేసింది. పసిబిడ్డకు నరం దొరకనప్పుడు కాలు ఎట్లా పట్టుకోవాలో సుహాసినికి మొదట నేర్పింది డాక్టర్లు కాదు, ఈ వెంకటమ్మే. ఇప్పుడామెకు డెబ్బై రెండేళ్లు. కొడుకు కట్టిన మిద్దెలో, తులసిరంగు చీరలో, రేషను కార్డు ఫొటోకు కూర్చున్నట్టు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"ఏం చెప్పాల బిడ్డా? నాకేం తెలుసని?" అని బిగుసుకుపోయింది.

సుహాసిని ఆమె పక్కన చేరి, "సాక్ష్యం చెప్పినట్టు చెప్పు ఆయమ్మా. జోనా మనోడే గదా" అంది.

ఆ ఒక్క మాటతో వెంకటమ్మ భుజాలు దిగాయి. చెప్పడం మొదలుపెట్టింది. సాక్ష్యానికి ఒక దారి ఉంటుంది. కష్టం, పాపం, ఏడుపు, క్షమాపణ. ఆ దారిలో పడ్డవాళ్లు మధ్యలో ఆగలేరు.

"వార్డు పిల్లోల్లకిచ్చే పాలపిండి డబ్బాలు నాలుగు, కొంగు సాటున ఇంటికి తెచ్చినాను. రామమూర్తికి అప్పుడు ఏడాది. నాకు పాలు ఎండిపోయుండె. డబ్బాలు తక్కువైనాయని తెలిసినాక, అందరూ మారెమ్మను అనుమానపడిరి. మా ఊరిదే ఆయమ్మ, నాతోపాటే పనికి చేరింది. అందరూ తన మొగమే సూస్తాంటే సిగ్గుపడి, తనంతట తానే పని మానేసి పాయ. మళ్లా కూలికే పాయ. దొంగ అనే పేరుతోనే సచ్చిపాయ. నేను నోరు తెరవలేదు."

ఈ మాట సుహాసిని ఇదివరకే విన్నది. పన్నెండేళ్ల కిందట, పని మానేసి ఊరికి వెళ్లే ముందు, వెంకటమ్మ చర్చిలో లేచి చెప్పింది. నూరుమంది విన్నారు. మారెమ్మ కొడుకు శ్రీరాములు వెంకటమ్మ వీధి చివరే ఉంటాడు, ఆర్టీసీలో కండక్టరు. ఈ పన్నెండేళ్లలో ఆ మాట అతని చెవిన పడలేదు. గుమ్మం దాటలేదంటే దాటలేదు.

చెప్పడం అయ్యాక వెంకటమ్మ కళ్లు తుడుచుకుని, అప్పుడు ఉలిక్కిపడి కెమెరా వైపు చూసింది. "ఇది మాత్రం ఉంచద్దు నాయనా. శ్రీరాములుకు నేనే చెప్పుకోవాల ముందు. ఎన్నో యేండ్లుగా అనుకుంటాండా, కాళ్లు రాలేదు."

"సరే అవ్వా, తీసేస్తాను" అన్నాడు జోనాథన్. చర్చిలో పెట్టినట్టే ఆ కంటికి నల్ల మూత పెట్టాడు. వెంకటమ్మకు ఊపిరి వచ్చింది.

బయటికొచ్చేటప్పుడు ఆమె సుహాసిని చెయ్యి పట్టుకుని, "ఒకనాడు నువ్వు తోడు రా బిడ్డా, శ్రీరాములు ఇంటికి పోదాం. నువ్వుంటే చెప్తాను" అంది.

"వస్తానాయమ్మా. ఈ పండగ ఒకటి కానీ" అంది సుహాసిని. ఆ రోజే పోయుండవచ్చు. వీధి చివరే ఇల్లు. కానీ ఆమెకు ఆ సాయంత్రం పరదాలవాళ్లతో పని ఉంది.

మదనపల్లెలో 'ఆయమ్మలు' చూసి హాలంతా కళ్లు తుడుచుకుంది. చివర్లో తీగ మీద ఆరేసిన పసిపిల్లల గుడ్డలు గాలికి ఊగుతుంటే సినిమా అయిపోయింది. పాలపిండి మాట లేదు, మారెమ్మ పేరు లేదు. సుహాసిని జోనాథన్ వీపు తట్టి, "మాట నిలబెట్టుకున్నావురా" అంది. అతను తల వంచుకుని నవ్వాడు. పుంగనూరులోనూ అంతే. గుడ్డలు ఊగాయి, దీపాలు వెలిగాయి, పొట్టి ఆవుల సినిమాకు మాత్రం పిల్లలు ఈలలు వేశారు. కుప్పానికి ఆమె నిశ్చింతగా బయల్దేరింది.

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు మండపం మేడ మీద కుర్చీలు చాలలేదు. వెంకటమ్మ ఈస్టరుకు కట్టే తెల్ల చీర కట్టుకుని, కొడుకుతో, కోడలితో ముందు వరసలో కూర్చుంది. రామమూర్తి బడినుంచి టీచర్లు వచ్చారు. వాళ్ల పల్లెనుంచి ఒక ఆటో, ఒక టెంపో నిండా జనం వచ్చారు. బెంగళూరునుంచి చేతన్ అనే ఆయన వచ్చాడు. అక్కడి పెద్ద చలనచిత్రోత్సవానికి సినిమాలు ఎంచేది ఆయనే. జోనాథన్ ఆయన పక్కనుంచి కదల్లేదు.

మెట్ల దగ్గర శ్రీరాములు కనబడ్డాడు. డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. సుహాసినికి నమస్కారం పెట్టి, "మా అమ్మ గూడా కొన్నాళ్లు ఆడ ఆయాగా చేసింది గదమ్మా. ఆమె మాటేమన్నా వస్తాదేమోనని వచ్చినాను" అన్నాడు. రేపే, ఆరాధన కాగానే, ఆయమ్మతో కలిసి వీళ్లింటికి పోవాలి అనుకుంది సుహాసిని. అనుకుని, అతన్ని మూడో వరసలో కూర్చోబెట్టింది.

సినిమా నడిచింది. తీగ మీద గుడ్డలు ఊగాయి. సుహాసిని దీపాలు వేయడానికి లేచి స్విచ్చు దగ్గరికి పోయింది. సినిమా అయిపోలేదు.

తెర మీద వెంకటమ్మ మొగం వచ్చింది. గోడంత మొగం. "వార్డు పిల్లోల్లకిచ్చే పాలపిండి డబ్బాలు నాలుగు" అని మొదలైంది. సుహాసిని చెయ్యి స్విచ్చు మీదే ఉంది. వేస్తే హాలంతా వెలుగొస్తుందే గాని మాట ఆగదు. జోనాథన్ కోసం చూసింది. అతను క్రేట్ల మీది ప్రొజెక్టరు పక్కన నిలబడి, తెరను కాదు, చేతన్ మొగాన్ని చూస్తున్నాడు.

మారెమ్మ పేరు వచ్చింది. దొంగ అనే మాట వచ్చింది. అంతటితోనైనా ఆపాడా అంటే లేదు. "ఇది మాత్రం ఉంచద్దు నాయనా. శ్రీరాములుకు నేనే చెప్పుకోవాల ముందు" అన్న మాట కూడా అట్లాగే వచ్చింది. ఆ వెంటనే ఒక చెయ్యి, చేతిలో నల్ల మూత, తెరంతా చీకటి. ఆమె బతిమాలిన మాటను సినిమాకు ముగింపు చేసుకున్నాడు ఆ పుణ్యాత్ముడు.

చేతన్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. అతన్ని చూసి ఇంకొందరు కొట్టారు. సుహాసిని దీపం వేసింది.

శ్రీరాములు లేచాడు. ముందు వరస దాటి వెళ్తూ ఒక్క క్షణం వెంకటమ్మ ముందు ఆగాడు. ఆమె చేతులు జోడించబోయింది. అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. రామమూర్తి తల ఎత్తలేదు. నలభై ఏళ్ల కిందట తను తాగిన పాలేమిటో తోటి టీచర్ల మధ్య కూర్చుని తెలుసుకున్నాడు ఆయన.

వెంకటమ్మ వెనక్కి తిరిగి సుహాసిని కోసం వెతికింది. దొరికాక, "సాక్ష్యం అంటివి గదా బిడ్డా" అంది. గొంతులో కోపం లేదు. అర్థం కాక అడిగినట్టు అడిగింది.

సుహాసిని జోనాథన్‌ను మెట్ల దగ్గర పట్టుకుంది. "మాట ఇస్తివి గదరా! నా ముందర మూత పెడితివి గదరా!"

"ఆంటీ, అది లేకపోతే సినిమానే లేదు. గుడ్డలు ఉతికేది చూపిస్తే ఎవరు సూస్తారు? చేతన్ సార్ ఆ ఏడు నిమిషాల కోసమే వచ్చినాడు."

"మరి నాకు రెండూళ్లలో యాల వేరేది చూపిస్తివి?"

అతను నేల చూశాడు. "మీరు ఒప్పుకోరు గదా. మీరు కాదంటే కుప్పంలో హాలు యాడ దొరుకుతాది?"

అంత నిజం అతను చెబుతాడని ఆమె అనుకోలేదు. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

"అయినా నేనేం దాచలేదు ఆంటీ. కార్డులో వేసినాను గదా, ముప్పై ఎనిమిది నిమిషాలని. మీరే పంచినారు." అతను ఇప్పుడు తల ఎత్తాడు. "వాళ్లమ్మ దొంగ కాదని శ్రీరాములుకు తెలియద్దా? అవ్వ పన్నెండేళ్లు చెప్పలేదు. మీరు గూడా పండగ కానీ అంటిరి."

శ్రీరాములుకు తెలియాల్సిందే. కానీ ఆయమ్మ నోటితో, ఆయమ్మ వంగి కాళ్లు పట్టుకున్నాక తెలియాలి. ఇంత చిన్న సంగతి, తన దగ్గర వాక్యాలు అప్పజెప్పిన పిల్లవాడికి ఎట్లా చెప్పాలో ఆమెకు తెలియలేదు. కార్డులు అచ్చయి ఇరవై రోజులైంది. ఇరవై రోజులు ఈ అబ్బాయి తన ఇంట్లో ఇడ్లీలు తింటూ, తనతో పరదాలు కుట్టిస్తూ, ఇది మనసులో పెట్టుకుని తిరిగాడు. ఆ ఆలోచన మాత్రం ఆమెను బస్సులో మదనపల్లె దాకా విడవలేదు.

ఆదివారం ఆమె లేవలేకపోయింది. వెంకటమ్మకు ఫోను చేస్తే ఎత్తలేదు. బుధవారం తనే గుడుపల్లె బస్సెక్కింది.

వెంకటమ్మ తలుపు తీసి, "రండి మేడమ్, కూర్చోండి" అంది.

ముప్పై ఆరేళ్లలో ఆమె సుహాసినిని బిడ్డా అనే పిలిచింది. డాక్టర్ల ముందు కూడా అట్లాగే పిలిచి ఒకసారి చీవాట్లు తిన్నది. ఇప్పుడు కుర్చీ కొంగుతో తుడిచి వేసింది. స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి ఇచ్చి, తను గోడకు ఆనుకుని నిలబడింది.

"ఆయమ్మా, నన్ను తిట్టు" అంది సుహాసిని.

"మిమ్మల్ని యాల తిడతాను మేడమ్? ఆదివారం పొద్దున్నే నేను శ్రీరాములు ఇంటికి పోతిని. గేటు కాడ నిలబడి, నాయనా, ఒక మాట చెప్పుకోవాల అంటిని. 'సినిమాలో వింటి లేమ్మా, మళ్లా యాల' అని తలుపేసుకునె." వెంకటమ్మ కాసేపు వీధి వైపు చూసింది. "నలభై యేండ్లు దాసిపెట్టుకున్న మాట. చెప్పుకునేదానికి గూడా నాకు మిగల్లేదు. కాఫీ సల్లారిపోతాది, తాగండి."

సుహాసిని తాగింది. ఆ కాఫీ ఎట్లా దిగిందో ఆమెకే తెలియాలి. లేచేటప్పుడు వెంకటమ్మ గుమ్మం దాకా వచ్చి, "వస్తా ఉండండి మేడమ్" అని మర్యాదగా అంది.

ఆ వచ్చే ఆదివారం నెలలో మొదటిది. ప్రసంగానికి ముందు పాస్టరుగారు ఒక సంతోష వార్త చెప్పారు. మన జోనాథన్ సినిమా బెంగళూరు పండగకు ఎంపికైందట. జనం చప్పట్లు కొట్టారు. అతను వెనక వరసలో లేచి చేతులు జోడించాడు.

తర్వాత సాక్ష్యాల వేళ వచ్చింది. పాస్టరుగారు కూర్చున్నారు. జోనాథన్ ఎప్పటిలాగే లేచి, కెమెరాకు మూత పెట్టి, మైకు తీగ పీకి, చేతులు కట్టుకున్నాడు. ఎవరూ లేవలేదు. కుప్పం సంగతి అప్పటికే అందరికీ తెలుసు. ఎప్పుడూ ముందు లేచే ముసలామె కూడా బైబిలు ఒళ్లో పెట్టుకుని, ఒకసారి వెనక్కి ఆ మూత వైపు చూసి, అట్లాగే కూర్చుంది.

సుహాసిని లేచింది.

"జోనా, మూత తియ్యి. మైకు గూడా పెట్టు. నేను చెప్పేది గుమ్మం దాటాల. కుప్పంవాళ్లు, గుడుపల్లెవాళ్లు, రామమూర్తి, శ్రీరాములు, అందరూ ఫోన్లలో సూడాల."

అందరూ వెనక్కి తిరిగారు. జోనాథన్ లేచి మూత మీద చెయ్యి వేశాడు. తీస్తాడనే అనుకుంది ఆమె. అంత జరిగినా, ఇంకా అనుకుంది.

"ఒక ముసలామెను నేను కెమెరా ముందర కూర్చోబెట్టినాను. సాక్ష్యం చెప్పినట్టు చెప్పమన్నాను. ఆమె నన్ను నమ్మి చెప్పింది. ఆమె చెప్పుకోవాల్సినోళ్ల ఇంటికి తోడు వస్తానని మాట ఇచ్చి, పండగ కానీ అని ఆపినాను. ఆమె మాట ఆమెకు కాకుండా పోయింది. ఆ పాపంలో నా పాలు నాది. ఇంకొకరి పాలు గూడా ఉండాది. అది వాళ్లే లేచి చెప్పుకోవాల." ఆమె వెనక వరస వైపు చూసింది. "మూత తీసినావా నాయనా?"

జోనాథన్ చెయ్యి మూత మీదే ఉంది. మొగం ఎర్రబడింది. చుట్టూ ఉన్నవాళ్లను ఒకసారి చూసి, గొంతు తగ్గించి, ఆమె నేర్పిన వాక్యం ఆమెకే అప్పజెప్పినట్టు అన్నాడు.

"సాక్ష్యం గదా ఆంటీ. బయటికి పోకూడదు."